యాప్‌లో 41, రాత్రి పదకొండుకి గదిలో 36.5: ఈ వారం ఏ అంకె చూసుకోవాలి?

పైఅంతస్తు · ఆదివారం, మధ్యాహ్నం 2:40

అందరికీ నమస్కారం. ఐదంతస్తుల ఇంట్లో పై వాటాలో ఉంటాం, నేనూ మా అమ్మా. అమ్మకి డెబ్బై ఒకటి. బీపీ మందులు వాడుతుంది. మూడు రాత్రులుగా ఆమె కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడు ఒక యాప్ 41 అంటోంది, ఇంకోటి 39 అంటోంది. కింద "ఫీల్స్ లైక్ 44" అని మరో అంకె. వచ్చే ఐదు రోజులకి గరిష్ఠం 41, 42, 42, 41, 38 అనీ, కనిష్ఠం 29, 30, 30, 30, 27 అనీ చూపిస్తున్నారు. బుధవారం వాన 40 శాతం. నిన్న రాత్రి పదకొండుకి మా గదిలో గోడ థర్మామీటర్ 36.5 చూపించింది. అదే సమయానికి యాప్‌లో బయట 32.

కింది వాటాలో పిన్ని వాళ్ళుంటారు. ఈ వారం అమ్మని అక్కడ పడుకోమంటున్నాను. వాళ్ళకి ఇబ్బంది అనీ, పగటి ఎండ కాస్త తగ్గితే సరిపోతుందనీ అమ్మ వినడం లేదు. ఇన్ని అంకెల్లో ఏది చూసి నిర్ణయించుకోవాలో చెప్పండి.

బైక్‌మీద · ఆదివారం, 3:05

41 ఏమిటండీ! నా బండికి తగిలించుకున్న మీటర్ సిగ్నల్ దగ్గర 48 చూపించింది. రోజంతా రోడ్డు మీద తిరిగేవాణ్ణి, యాప్‌లన్నీ తక్కువ చేసి చెబుతాయని నా నమ్మకం.

తెల్లపెట్టె · ఆదివారం, 3:50

ఇరవై ఏళ్ళకు పైగా వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేశాను. బైక్‌మీద గారూ, మీ మీటర్‌దీ తప్పు కాదు, కేంద్రం చెప్పేదీ తప్పు కాదు. రెండూ కొలిచేవి వేరు.

సూచనలో కనిపించే ఉష్ణోగ్రత గాలిది. ఎండది కాదు, తారుది కాదు, మనిషిది కాదు. థర్మామీటర్‌ని నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, నాలుగు పక్కలా వాలు పలకలున్న తెల్లని చెక్కపెట్టెలో పెడతారు. కింద గడ్డి నేల, చుట్టూ ఖాళీ స్థలం ఉండాలి. ఆ పెట్టెని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ ఓడలకి దారి చూపే దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు. లోపలికి గాలి ఆడుతుంది, ఎండ మాత్రం పడదు. ఉత్తరార్ధగోళంలో తలుపు ఉత్తరానికే పెడతారు, తెరిచిన ఆ కాస్త సేపైనా సూర్యుడు లోపలికి తొంగి చూడకుండా. ఎన్ని వేల సార్లు ఆ తలుపు తెరిచానో! ఒక్కసారి కూడా నా ఊపిరి థర్మామీటర్ మీద పడనిచ్చేవాణ్ణి కాదు.

ప్రపంచంలో ఏ ఊరికి ఆ ఊరు తన రోడ్డు మీద, తన గోడ పక్కన కొలుచుకుంటే, ఈ ఊరినీ ఆ ఊరినీ పోల్చలేం, ఈ ఏడాదినీ యాభై ఏళ్ళ కిందటినీ పోల్చలేం. అందుకే ఆ కట్టుబాటు. మీ మీటర్ సిగ్నల్ దగ్గర తారునీ, ముందు బండి పొగనీ, మీ ఇంజన్ సెగనీ, నేరుగా పడే ఎండనీ అన్నీ కలిపి కొలిచింది.

కొలతలో చిన్న పొరపాటు ఎంత దూరం పోతుందో చెబుతాను. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబర్ 13న 58 డిగ్రీలు నమోదైందని తొంభై ఏళ్ళ పాటు ప్రపంచ రికార్డుగా చెప్పుకున్నారు. ప్రపంచ వాతావరణ సంస్థ పాత పుస్తకాలు తిరగేసి 2012లో దాన్ని కొట్టేసింది. అనుభవం లేని వ్యక్తి ఆ పరికరాన్ని తప్పుగా చదివి ఉంటాడని, సుమారు 7 డిగ్రీలు ఎక్కువ రాసి ఉంటాడని తేల్చారు.

పైఅంతస్తు · ఆదివారం, 4:10

మరి మా గోడ థర్మామీటర్ కూడా తప్పేనా?

తెల్లపెట్టె · ఆదివారం, 4:25

ఎండ పడే గోడకి ఆనించి ఉంటే గోడ వేడినే చూపిస్తుంది. లోపలి గోడకి, మంచం ఎత్తులో, రెండు వేళ్ళ ఎడం వచ్చేలా తగిలించండి. దీపం, ఫ్రిజ్ దగ్గర వద్దు. అరగంట ఆగి చూడండి. ఊరికి 41 అయినా 39 అయినా, అమ్మ పడుకునే గదికి మీ థర్మామీటరే వాతావరణ కేంద్రం.

గ్రిడ్‌పాయింట్ · ఆదివారం, 5:15

రెండు యాప్‌లకి తేడా ఎందుకొస్తుందో నేను చెబుతాను, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల డేటాతోనే నా పని.

యాప్‌లో "ప్రస్తుతం" అని ఉన్నది చాలాసార్లు కొలిచినది కాదు. మీ పక్కన ఏ కేంద్రమూ లేకపోతే, కంప్యూటర్ నమూనా వేసిన అంచనానే చుట్టుపక్కల కొలతలతో సరిచేసి చూపిస్తారు. యూరోపియన్ వాతావరణ సూచన కేంద్రం వారి ప్రపంచ నమూనా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్ళుగా, అమెరికా వారి జీఎఫ్ఎస్ సుమారు 13 కిలోమీటర్ల గళ్ళుగా చూస్తాయి. ఆ గడిలో చెరువూ, మార్కెట్టూ, మీ ఐదంతస్తుల మేడా అన్నీ కలిసిపోతాయి. ఒక యాప్ ఒకరిదీ ఇంకోటి మరొకరిదీ వాడితే రెండు డిగ్రీల తేడా మామూలే.

నేను చేసేదేమిటంటే, దగ్గరలో ఉన్న నిజమైన కేంద్రం చివరిసారి ఎప్పుడు, ఎంత నమోదు చేసిందో ముందు చూస్తాను. తరువాత ఏ యాప్ దానికి దగ్గరగా ఉందో నాలుగు రోజులు గమనిస్తాను. ఒక యాప్ రోజూ రెండు డిగ్రీలు తక్కువే చెబుతుంటే అదీ పనికొచ్చేదే, రెండు కలుపుకుంటే సరి. ఒక రోజు ఎక్కువా ఒక రోజు తక్కువా చెప్పేదాన్ని వదిలేయండి.

ఉక్కపోత · ఆదివారం, 6:00

మేముండేది సముద్రం పక్కన. మాకు 35 దాటదు, కానీ కూర్చున్న చోటే చొక్కా తడిసిపోతుంది. లోపలి ప్రాంతాల వాళ్ళు 40 అని చెబుతుంటే, మీకేం హాయిగా ఉన్నారంటారు మమ్మల్ని. ఒక్కరోజు వచ్చి ఉండమనండి.

బైక్‌మీద · ఆదివారం, 6:20

అందుకే కదా ఆ ఫీల్స్ లైక్ పెట్టింది. నాకైతే అది జనాన్ని భయపెట్టే అంకెలాగే కనిపిస్తుంది.

తెల్లపెట్టె · ఆదివారం, 7:40

లేదండీ. దాని వెనక గట్టి లెక్క ఉంది. రాబర్ట్ స్టెడ్‌మన్ అనే పరిశోధకుడు 1979లో మనిషి ఒంటి వేడి, చెమట, బట్టలు, గాలి అన్నిటినీ లెక్కలోకి తీసుకుని పట్టికలు తయారుచేశాడు. వేడినీ తేమనీ కలిపి ఒంటికి ఎంత అనిపిస్తుందో చెప్పడానికి అమెరికా వాతావరణ శాఖ వాడే హీట్ ఇండెక్స్ దాన్నుంచి పుట్టిందే.

ఉక్కపోత గారి మాటకి అందులోనే సమాధానం ఉంది. 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఆ లెక్కలో దాదాపు 39 నుంచి 40 వస్తుంది. అంటే ఉన్నంతే. 35 డిగ్రీలు, తేమ 60 శాతం అయితే 45! చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. కారిన చెమట వల్ల ఒంట్లో నీళ్ళు పోవడం తప్ప లాభం లేదు.

ఒక్క షరతు. ఆ అంకె నీడలో, కొద్దిపాటి గాలిలో ఉన్న మనిషికి. నేరుగా ఎండలో ఉంటే ఇంకా 8 డిగ్రీల దాకా కలుపుకోవాలి. బైక్‌మీద గారూ, మీ పనికి అది తక్కువే చెబుతోంది, ఎక్కువ కాదు.

ఉక్కపోత · ఆదివారం, 7:55

మరి తేమ పొద్దున 80 శాతం, మధ్యాహ్నం 40 శాతం అని చూపిస్తుంది. మధ్యాహ్నానికి గాలి పొడిబారినట్టేనా?

గ్రిడ్‌పాయింట్ · ఆదివారం, 8:30

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. తేమ శాతం అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగలిగినంతలో ఎంత పట్టిందనే నిష్పత్తి. గాలి వేడెక్కితే పట్టే సామర్థ్యం పెరుగుతుంది, శాతం పడిపోతుంది. నీటి ఆవిరి మాత్రం అంతే ఉంటుంది. పొద్దున 28 డిగ్రీల దగ్గర 79 శాతం, మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర 40 శాతం, రెండిటిలోనూ ఉన్న తేమ ఒక్కటే.

అందుకని శాతం వదిలేసి డ్యూ పాయింట్ చూడండి, తెలుగులో మంచు బిందువు. ఎంతకి చల్లబడితే ఆ గాలి నీళ్ళు వదిలేస్తుందో ఆ ఉష్ణోగ్రత. నేను చెప్పిన ఉదాహరణలో పొద్దునా మధ్యాహ్నమూ అది 24. 15 లోపు ఉంటే పొడి గాలి. 20 దాటితే చిరాకు మొదలవుతుంది. 24 దాటిందంటే ఉక్క. చాలా యాప్‌లలో ఇది "వివరాలు" నొక్కితే గానీ కనపడదు, అదే నాకు బాధ.

పైఅంతస్తు · ఆదివారం, 9:10

చూశాను, 19 ఉంది. అంటే మాది ఉక్క కాదు, అసలు వేడే. కానీ పగలంతా ఎలాగో గడిచిపోతుంది, రాత్రే భరించలేకపోతున్నాం. ఇంకో సందేహం, 41 ఉన్నా వడగాలులని ఎవరూ ప్రకటించలేదు. అంటే ప్రమాదం లేనట్టేనా?

తెల్లపెట్టె · ఆదివారం, 9:45

ప్రకటన అనేది ఆ ప్రాంతపు మామూలు వేడితో పోల్చి చేస్తారు. భారత వాతావరణ శాఖ పద్ధతిలో మైదానాల్లో కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులు. లేదా నేరుగా 45 తాకాలి. మామూలే 39 ఉండే చోట 41 వస్తే ఆ లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 28 డిగ్రీలు వరుసగా మూడు రోజులు ఉంటే చాలు. అలవాటు పడిన ఒళ్ళు, కట్టిన ఇళ్ళు వేరు కాబట్టి గీతలూ వేరు. ప్రకటన లేదంటే గీత దాటలేదనే అర్థం, మీ గది చల్లగా ఉందని కాదు.

ఇంకో సంగతి. అదే శాఖ పద్ధతిలో "వెచ్చని రాత్రి" అని విడిగా ఒకటుంది. గరిష్ఠం 40 పైనే ఉంటూ కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే ఆ మాట వాడతారు. వార్తల్లో గరిష్ఠాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. మీరు రెండో అంకె చూడండి.

ఇటుకాసిమెంటూ · ఆదివారం, 10:20

రాత్రి గురించి నేను చెప్పాలి. ఇళ్ళు కట్టించే పని నాది.

కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండ తాగుతుంది. పైన మధ్యాహ్నం పడిన వేడి కింది ముఖానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బయట రెండుమూడింటికి వేడి పతాకస్థాయికి చేరితే, మీ సీలింగు ఏడెనిమిదింటికి చేరుతుంది. ఊరంతా చల్లబడుతున్నప్పుడు మీ కప్పు మీ మీదికి వేడి కక్కుతూ ఉంటుంది. పై వాటాలో ఉన్నవాళ్ళకి సాయంత్రమే అసలు మధ్యాహ్నం.

ఊరికీ ఇదే జరుగుతుంది. రోడ్లూ గోడలూ రాత్రంతా వేడి వదులుతాయి. ఎదురెదురు మేడల మధ్య ఆ వేడి ఆకాశానికి పోయే దారి లేక గోడ నుంచి గోడకి తిరుగుతుంది. మబ్బులకి పేర్లు పెట్టిన ల్యూక్ హోవర్డ్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే లండన్‌లో దీన్ని పట్టుకున్నాడు. అతని కొలతల్లో రాత్రిపూట నగరం పల్లె కంటే 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు వెచ్చగా ఉంది. పగటిపూట తేడా దాదాపు లేదు. కేంద్రం గడ్డి మైదానంలో ఉండి కనిష్ఠం 29 నమోదు చేస్తే, మీ వీధిలో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు.

డాబా మీద తెల్ల పూత వేస్తే తేడా తప్పకుండా ఉంటుంది, వచ్చిన ఎండలో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. కానీ అది ఈ వారానికి అందదు. ఈ వారానికి కిటికీల లెక్క ఒక్కటే. పొద్దున బయట గాలి గది కంటే వేడెక్కే ముందే మూసెయ్యండి, ఎండ పడే వైపు బయటి నుంచి ఏదైనా అడ్డం కట్టండి. రాత్రి బయట గది కంటే చల్లబడగానే ఎదురెదురుగా తెరవండి. నిన్న పదకొండుకి బయట 32, లోపల 36.5 అన్నారు. అప్పుడు కిటికీలు తెరిచే ఉన్నాయా?

పైఅంతస్తు · ఆదివారం, 10:35

లేవండీ. పగలల్లా తెరిచి, దోమలని సాయంత్రం మూసేస్తున్నాం. సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం అన్నమాట. రేపే దోమతెర బిగిస్తాను.

నైట్‌షిఫ్ట్ · సోమవారం, తెల్లవారుజాము 4:15

ఇప్పుడే కాస్త తీరిక దొరికింది. నేను నర్సుని, ఎండాకాలం రాత్రుళ్ళు చాలా చూశాను. అమ్మగారిని ఈ వారం కిందికి పంపండి. ఆలోచించకండి.

పగలు ఒంటి మీద పడిన భారాన్ని గుండె రాత్రి దించుకోవాలి. గది 36 దగ్గరే ఉండిపోతే దించుకునే వేళ ఉండదు, మర్నాడు ఆ భారంతోనే మొదలవుతుంది. మూడో రోజు, నాలుగో రోజు మనుషులు కూలిపోయేది అందుకే. 2003 ఎండాకాలంలో యూరప్‌లో వేడికి డెబ్బై వేల మందికి పైగా చనిపోయారు. పారిస్‌లో ఒక రాత్రి కనిష్ఠం 25.5 కంటే దిగలేదు. మనకది తక్కువే అనిపిస్తుంది, ఆ ఇళ్ళకీ ఆ వయసులకీ అది మించిపోయింది. కప్పు కిందే ఉన్న గదుల్లో నివసించడం ప్రమాదాన్ని పెంచిందని ఆ తరువాత పరిశీలనల్లో తేలింది. 1995లో షికాగోలో ఏడు వందల మందికి పైగా పోయినప్పుడూ పై అంతస్తు, ఒంటరితనం, ఈ రెండూ ప్రమాదాన్ని పెంచిన వాటిలో ఉన్నాయి.

బీపీ మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ వేడిలో మోతాదు మార్చాలా అని అడగండి. వయసు మీదపడ్డవాళ్ళకి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. అడిగినప్పుడు కాదు, గంట గంటకీ ఇవ్వాలి.

మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడినా, ఒళ్ళు పెనంలా కాలుతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, అది కాదులే అనుకోవద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

బైక్‌మీద · సోమవారం, 8:10

ఫ్యాన్ ఉంది కదా, రాత్రంతా వేసుకుంటే సరిపోదా?

నైట్‌షిఫ్ట్ · సోమవారం, 8:40

గాలి 40 దాటితే ఫ్యాన్ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. 36 దగ్గర పనిచేస్తుంది గానీ అది పనిచేసేది చెమటని ఆరబెట్టడం వల్ల. ముసలివాళ్ళకి చెమటే తక్కువ పడుతుంది. తడి గుడ్డతో చేతులూ మెడా తుడుస్తూ ఫ్యాన్ వేస్తే మేలు. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనిషినే చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో తిప్పి లాభం లేదు.

పైఅంతస్తు · సోమవారం, రాత్రి 9:30

అమ్మ కిందికి దిగింది. నైట్‌షిఫ్ట్ గారు రాసింది చదివి వినిపించాను, ఏమీ అనకుండా దిండు చంకన పెట్టుకుంది. కింద గది ఇప్పుడు 32. పైన 36.

ఇంకొక్కటి అడుగుతాను. బుధవారం 40 శాతం వాన అంటే ఊళ్ళో నూటికి నలభై చోట్ల పడుతుందనా?

గ్రిడ్‌పాయింట్ · సోమవారం, 10:15

కాదు. మీరున్న చోట ఆ సమయంలో కొలవదగ్గ చినుకు పడే అవకాశం పదికి నాలుగు. ఎంత సేపు, ఎంత గట్టిగా అనేది అందులో లేదు.

ఆ 40 ఎలా వస్తుందో చెబితే నమ్మకం కుదురుతుంది. యూరోపియన్ కేంద్రం ఒకే సూచనని కొద్ది కొద్ది తేడాలతో 51 సార్లు లెక్క కడుతుంది. ఆరంభంలో చిన్న తేడా చివరికి పెద్దదవుతుందని వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించాడు కదా, అందుకే ఒక్క లెక్కని నమ్మరు. అన్నిటిలోనూ గరిష్ఠం 41 దగ్గరే వస్తే ఆ 41ని నమ్మొచ్చు. వాన మాత్రం కొన్నిటిలో వచ్చి కొన్నిటిలో రాకపోతే ఆ వాటానే ఇలా శాతంగా మారుతుంది. ఎండాకాలపు ఉరుముల మబ్బు నాలుగైదు కిలోమీటర్ల వెడల్పుది, గడి కంటే చిన్నది. దానికి తేమ కావాలి, పైన చల్లగాలి కావాలి, కిందిగాలిని పైకి నెట్టేదేదో కావాలి. మధ్యలో ఒక వెచ్చని పొర మూతలా కూర్చుంటే సాయంత్రం దాకా ఏమీ జరగదు. మూత తెగిందా, గంటలో మబ్బు కొండంత అవుతుంది. బుధవారం మధ్యాహ్నం నుంచి సూచన వదిలేసి, వాన ఎక్కడుందో చూపే రాడార్ చిత్రం చూడండి.

ఉక్కపోత · మంగళవారం, మధ్యాహ్నం 1:50

మా దగ్గర ఇప్పుడు 39! ఎప్పుడూ పదకొండుకల్లా వచ్చే సముద్రపు గాలి ఈ రోజు ఇంకా రాలేదు. నేల వైపు నుంచి వీచే గాలి దాన్ని అడ్డుకుంటోంది. యాప్ 35 అని చెప్పింది.

ఉక్కపోత · మంగళవారం, 3:20

గాలి తిరిగింది. పది నిమిషాల్లో 34. డ్యూ పాయింట్ 17 నుంచి 26కి ఎగిరింది. ఒళ్ళు కాలడం తగ్గి, చెమట మొదలైంది.

బైక్‌మీద · బుధవారం, సాయంత్రం 4:40

పడమర నల్లగా ఉంది. రాడార్‌లో ఎర్ర మచ్చ 30 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తోంది. గాలి పూర్తిగా ఆగిపోయింది. 40 డిగ్రీలు.

తెల్లపెట్టె · బుధవారం, 4:45

బైక్‌మీద గారూ, ముందు ఈదురుగాలి వస్తుంది, చినుకు తరువాత. హోర్డింగుల కింద, చెట్ల కింద ఆగకండి. ఉరుము వినపడిందంటే పిడుగు మీకు అందేంత దగ్గరలో ఉన్నట్టే, పక్కా కట్టడంలోకి వెళ్ళిపోండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు.

బైక్‌మీద · బుధవారం, 5:35

ఒక బ్యాంకు మెట్ల లోపలికి దూరాను. అరగంటలో 40 నుంచి 27. దుమ్ముకి కళ్ళు కనపడలేదు. వాన పావుగంటే పడింది, కానీ ఆ గాలి! పైన వాన ఆవిరవుతూ చల్లబడిన గాలి కిందికి జారిపడుతుందని ఇక్కడే ఎవరో ఒకసారి రాశారు, ఈ రోజు ముఖానికి తగిలింది.

పైఅంతస్తు · బుధవారం, రాత్రి 11:20

మా వైపు చినుకు పడలేదు. ఆ పదికి ఆరులో మేమున్నాం. గాలి మాత్రం వచ్చింది. బయట 29. దోమతెరలు బిగించి కిటికీలన్నీ తీశాను. గది 33.5. డ్యూ పాయింట్ 19 నుంచి 23 అయింది, కాస్త జిగటగా ఉంది. అమ్మ పైకి వచ్చేస్తానంటోంది.

నైట్‌షిఫ్ట్ · గురువారం, తెల్లవారుజాము 3:50

రానివ్వకండి. ఒక్క చల్లని రాత్రితో సరిపోదు. పడుకునే వేళకి గది 30 దగ్గరికి వరసగా రెండు రాత్రులు దిగనివ్వండి.

పైఅంతస్తు · గురువారం, ఉదయం 5:50

నిన్న రాత్రి నాలుగింటికి లేచి చూశాను, 31. ఇప్పుడు 30.2, బయట 27.5. కిటికీలు ఇంకో గంటకి మూస్తాను. ఆదివారం నుంచి రాసిపెట్టుకున్న పడుకునే వేళ అంకెలు ఇవి: 36.5, 36, 35, 33.5. అమ్మ కింద మూడు రాత్రులూ పొద్దున ఐదింటి దాకా నిద్రపోయిందని పిన్ని చెప్పింది. శుక్రవారం రాత్రి చూసి రాస్తాను.